ఎల్విస్ ప్రెస్లీ

ఎల్విస్ ఆరన్ ప్రెస్లీ (జనవరి 8, 1935 - ఆగష్టు 16, 1977) ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన అమెరికన్ గాయకుడు, నటుడు. రాక్ అండ్ రోల్ సంగీతాన్ని సామాన్య జనంలోకి తీసుకువెళ్ళినవారిలో అగ్రగణ్యుడు. అభిమానులు ఈయనను రాక్ అండ్ రోల్ రారాజుగా, క్లుప్తంగా కింగ్ అని వ్యవహరిస్తారు.

ఎల్విస్ పేరు వినగానే 1956లో టెలివిజన్ తెరపై కాళ్ళు ఆడిస్తూ పాడిన ఇరవై ఒక్క ఏళ్ళ యువకుడే చాలామందికి స్ఫురిస్తాడు. అయితే ఆయన వేదిక మీద గడిపిన కాలంలో పెద్ద భాగం ఆ యువకుడిది కాదు. 1969 నుండి 1977 వరకు ఆయన దాదాపు 1,100 ప్రదర్శనలు ఇచ్చాడు. వాటికి వచ్చినవారిలో అనేకులు 1956లో బడిపిల్లలుగా ఆయన రికార్డులు కొన్నవారే. వారు పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, నడివయసుకు చేరువై మళ్ళీ ఆయనను చూడడానికి వచ్చారు. అంతకు ముందు, వయసు మళ్ళిన రాక్ గాయకుడు ఎలా ఉండాలన్నదానికి నమూనా లేదు. రాక్ సంగీతమే అప్పటికి పదిహేనేళ్ళ వయసుది. ఆ నమూనాను, దానిలోని గెలుపునూ పతనాన్నీ కలిపి, ఎల్విస్ తన జీవితంతో చూపించాడు.

బాల్యం

ఎల్విస్ మిసిసిపి రాష్ట్రంలోని టుపెలో పట్టణంలో, తండ్రి వెర్నన్ స్వయంగా కట్టిన రెండు గదుల చెక్క ఇంటిలో జన్మించాడు. తల్లి గ్లాడిస్. ఎల్విస్ కంటే కొద్ది నిమిషాల ముందు పుట్టిన కవల సోదరుడు జెస్సీ గారన్ మృతశిశువు. తరువాత ఆ దంపతులకు మరి సంతానం కలుగలేదు. మిగిలిన ఒక్క బిడ్డనూ తల్లి కంటికి రెప్పలా పెంచింది. 1938లో ఒక చెక్కుపై మొత్తాన్ని మార్చిన నేరానికి వెర్నన్ కొన్ని నెలలు పార్చ్‌మన్ జైలులో ఉన్నాడు. ఆ కాలంలో కుటుంబం ఇల్లు కోల్పోయి బంధువుల పంచన చేరవలసి వచ్చింది.

ఎల్విస్ సంగీతానికి తొలి పాఠశాల చర్చి. వారి కుటుంబం అసెంబ్లీ ఆఫ్ గాడ్ శాఖకు చెందినది. అక్కడి ప్రార్థనలలో భక్తులు ఆవేశంతో పాడడం, ఊగడం సాధారణం. పదేళ్ళ వయసులో, 1945 అక్టోబరులో, ఊరి సంతలో జరిగిన పాటల పోటీలో కుర్చీ మీద నిలబడి పాడాడు. మరుసటి సంవత్సరం పుట్టినరోజుకు తల్లిదండ్రులు ఒక చవక గిటారు కొనిచ్చారు.

1948 నవంబరులో కుటుంబం బ్రతుకుతెరువు వెదుక్కుంటూ టెనెస్సీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరానికి తరలిపోయింది. ప్రభుత్వం పేదలకు కట్టించిన లాడర్‌డేల్ కోర్ట్స్ గృహాలలో వారు కాపురముండేవారు. నల్లజాతివారి బ్లూస్ సంగీతానికి నిలయమైన బీల్ వీధి అక్కడికి దూరం కాదు. తెల్లవారి కంట్రీ పాటలు, నల్లవారి బ్లూస్, ఇరువర్గాల గాస్పెల్ భక్తిగీతాలు - ఈ మూడూ రేడియోలోనూ వీధిలోనూ ఎల్విస్ చెవిన పడ్డాయి. జాతుల మధ్య గోడలు బలంగా ఉన్న ఆ దక్షిణాది నగరంలో రేడియో తరంగాలకు మాత్రం ఆ గోడలు అడ్డుకాలేదు. 1953లో హ్యూమ్స్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, తరువాత ఒక ఎలక్ట్రికల్ కంపెనీలో లారీ డ్రైవరుగా చేరాడు.

సన్ రికార్డ్స్

1953 వేసవిలో ఎల్విస్ శాం ఫిలిప్స్ నడిపే స్టూడియోకి వెళ్ళి, రుసుము చెల్లించి రెండు పాటలు రికార్డు చేయించుకున్నాడు. అక్కడ పనిచేసే మేరియన్ కైస్కర్ ఈ గొంతును గుర్తుపెట్టుకుంది. ఏడాది తరువాత ఫిలిప్స్ ఆయనను పిలిపించి, గిటారిస్టు స్కాటీ మూర్, బేస్ వాద్యకారుడు బిల్ బ్లాక్‌లతో కలిపాడు. 1954 జూలై 5 రాత్రి, చాలాసేపు ఫలితం లేక అలసిపోయిన తరువాత, నల్లజాతి బ్లూస్ గాయకుడు ఆర్థర్ క్రుడప్ పాడిన ఒక పాటను ఎల్విస్ సరదాగా వేగం పెంచి పాడసాగాడు. మిగతా ఇద్దరూ జతకలిశారు. ఫిలిప్స్ వెంటనే దానిని రికార్డు చేశాడు. దట్స్ ఆల్ రైట్ అన్న ఆ పాటను స్థానిక రేడియోలో డూయీ ఫిలిప్స్ వినిపించగానే శ్రోతల నుండి ఫోన్లు వెల్లువెత్తాయి.

అదే నెల 30న మెంఫిస్‌లోని ఓవర్టన్ పార్కు ఆరుబయలు వేదికపై ఎల్విస్ పాడాడు. భయంతో వణుకుతున్న కాళ్ళను లయకు అనుగుణంగా ఆడించడంతో ప్రేక్షకులలోని అమ్మాయిలు కేకలు పెట్టారు. ఆ కేకలు ఎందుకో మొదట ఆయనకు అర్థం కాలేదని చెబుతారు. తరువాత అదే ఆయన శైలిగా మారింది. వేదికంటే ఉన్న ఆ భయం మాత్రం ఆయనను చివరిదాకా విడువలేదు.

1956

1955 చివరలో ఆర్.సి.ఏ. సంస్థ ఎల్విస్ ఒప్పందాన్ని సన్ సంస్థ నుండి కొనుగోలు చేసింది. చెల్లించిన 35,000 డాలర్లు ఒక కొత్త గాయకుడికి అప్పట్లో అసాధారణమైన మొత్తం. ఈ బేరం వెనుక ఉన్నవాడు ఆయన వ్యవహారాలు చూడసాగిన టామ్ పార్కర్. ఈయనను కల్నల్ అని పిలిచేవారు కాని అది గౌరవార్థం ఇచ్చిన బిరుదే తప్ప సైనిక హోదా కాదు.

1956లో హార్ట్‌బ్రేక్ హోటల్ అమెరికాలో అగ్రస్థానం చేరింది. సెప్టెంబరు 9న ఎడ్ సల్లివన్ టెలివిజన్ కార్యక్రమంలో ఎల్విస్‌ను సుమారు 6 కోట్ల మంది చూశారని అంచనా. మతాచార్యులు, పత్రికలు, ఉపాధ్యాయులు ఆయన కదలికలను అశ్లీలమని ఖండించారు. 1957 జనవరిలో అదే కార్యక్రమంలో ఆయనను నడుము పైభాగం వరకే చూపించారు.

ఈ సంవత్సరంలోని ఒక పరాజయాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలలలో రెండు వారాల పాటు ఎల్విస్ లాస్ వెగాస్ నగరంలోని న్యూ ఫ్రాంటియర్ హోటల్లో పాడాడు. అక్కడి ప్రేక్షకులు జూదానికి, విందుకు వచ్చిన నడివయసు దంపతులు. వారు ఆయనను వింతగా చూసి, మర్యాదకు చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. పదమూడేళ్ళ తరువాత అదే నగరంలో, అదే వయసు ప్రేక్షకులే ఆయనకు నిలబడి నీరాజనం పట్టారు. మారినది ఎల్విస్ ఒక్కడే కాదు, నడివయసులోకి అడుగుపెట్టిన తరం కూడా మారింది.

నల్లవారి సంగీతాన్ని తీసుకుని తెల్లవాడు కీర్తి పొందాడన్న విమర్శ ఎల్విస్ విషయంలో నేటికీ ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. హౌండ్ డాగ్ పాటను ఆయనకంటే ముందు రికార్డు చేసిన బిగ్ మామా థార్న్‌టన్‌కు అంతటి ప్రచారం రాలేదు. డోంట్ బి క్రూయల్ వ్రాసిన నల్లజాతి రచయిత ఓటిస్ బ్లాక్‌వెల్ రచనా హక్కులో కొంత వదులుకోవలసి వచ్చింది. అయితే తాను ఎవరి వద్ద నేర్చుకున్నాడో ఎల్విస్ దాచుకోలేదు. 1969లో పత్రికలవారు తనను రారాజు అని సంబోధించినప్పుడు, అక్కడే ఉన్న ఫాట్స్ డామినోను చూపి ఆ బిరుదు ఆయనకే చెందుతుందని చెప్పాడు.

సైన్యం, సినిమాలు

1957లో ఎల్విస్ మెంఫిస్ శివారులో గ్రేస్‌ల్యాండ్ అనే భవనాన్ని కొని తల్లిదండ్రులతో నివసించసాగాడు. 1958 మార్చిలో నిర్బంధ సైనిక సేవకు వెళ్ళాడు. ఆగష్టులో తల్లి మరణించింది. ఆ దుఃఖం నుండి ఆయన ఎన్నడూ పూర్తిగా తేరుకోలేదని సన్నిహితుల అభిప్రాయం. జర్మనీలో సైనికుడిగా ఉండగా ప్రిసిల్లాతో పరిచయమైంది. వారి వివాహం 1967 మే 1న, కుమార్తె లీసా మేరీ జననం 1968 ఫిబ్రవరి 1న జరిగాయి.

1960లో తిరిగివచ్చాక ఎల్విస్ ప్రధానంగా సినిమాలకు పరిమితమయ్యాడు. మొత్తం 31 కథాచిత్రాలలో నటించాడు. తొలినాటి కింగ్ క్రియోల్ వంటి ఒకటి రెంటిని మినహాయిస్తే వీటిలో గుర్తుంచుకోదగినవి తక్కువ. 1961 మార్చిలో పెర్ల్ హార్బర్‌లో యుద్ధనౌక అరిజోనా స్మారకం నిర్మాణానికి నిధుల కోసం ఒక కచేరీ చేసిన తరువాత, ఏడేళ్ళకు పైగా ఆయన ప్రేక్షకుల ఎదుట పాడలేదు. ఈలోగా బీటిల్స్ వచ్చారు, బాబ్ డిలన్ వచ్చాడు. ముప్పై ఏళ్ళకే ఎల్విస్ పాతకాలపు మనిషిగా లెక్కకు వచ్చాడు.

1968 టెలివిజన్ కార్యక్రమం

1968లో ఎన్.బి.సి. టెలివిజన్ ఒక ప్రత్యేక కార్యక్రమం తలపెట్టింది. క్రిస్మస్ పాటలు పాడించి ముగించాలని పార్కర్ ఆలోచన. యువ దర్శకుడు స్టీవ్ బైండర్ అందుకు అంగీకరించలేదు. విరామ సమయాలలో ఎల్విస్ తన గదిలో స్నేహితులతో కూర్చుని పాత పాటలు పాడుకోవడం గమనించి, దానినే వేదిక మీదికి తేవాలని నిర్ణయించాడు. చిన్న చతురస్రపు వేదిక, చుట్టూ దగ్గరగా ప్రేక్షకులు, నల్లని తోలు దుస్తులలో ఎల్విస్, ప్రక్కన పాత మిత్రులు స్కాటీ మూర్, డ్రమ్ వాద్యకారుడు డి.జె. ఫాంటానా. బిల్ బ్లాక్ 1965లోనే మరణించాడు.

కార్యక్రమం చివర పాడిన ఇఫ్ ఐ కెన్ డ్రీమ్ గీతాన్ని, ఆ ఏడాది ఏప్రిల్‌లో మెంఫిస్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైన నేపథ్యంలో వ్రాయించారు. డిసెంబరు 3న ప్రసారమైన ఈ కార్యక్రమం ఎల్విస్ జీవితాన్ని మలుపు త్రిప్పింది. ఇక ప్రత్యక్ష ప్రదర్శనలు ఇస్తానని ఆయన నిశ్చయించుకున్నాడు. 1969 ఆరంభంలో మెంఫిస్‌లోని అమెరికన్ సౌండ్ స్టూడియోలో చిప్స్ మోమన్ ఆధ్వర్యంలో సస్పిషస్ మైండ్స్, ఇన్ ద ఘెట్టో వంటి పాటలను రికార్డు చేశాడు. వీటిలోని గొంతు 1956 నాటిది కాదు. లోతు పెరిగిన, కష్టం తెలిసిన గొంతు అది.

లాస్ వెగాస్

1969 జూలై 31న లాస్ వెగాస్‌లో కొత్తగా కట్టిన ఇంటర్నేషనల్ హోటల్లో ఎల్విస్ రెండవ వేదికా జీవితం మొదలైంది. సుమారు 2,000 మంది కూర్చునే ఆ శాల అప్పటికి ఆ నగరంలో పెద్దది. ఆ రాత్రి తెర వెనుక ఆయన భయంతో పచార్లు చేశాడు. పరిచయ వాక్యం లేకుండా వేదిక మీదికి నడిచి వచ్చాడు. పాట మొదలు కాకముందే సభ లేచి నిలబడింది.

నాలుగు వారాలలో 57 ప్రదర్శనలు జరిగాయి. రాత్రికి రెండు, ఒకటి భోజనాల వేళ, మరొకటి అర్ధరాత్రి. గిటారుకు జేమ్స్ బర్టన్, డ్రమ్స్‌కు రానీ టట్ వంటి నిపుణులను ఎల్విస్ స్వయంగా ఎంపిక చేసుకున్నాడు. వెనుక పాడడానికి నల్లజాతి మహిళల స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ బృందం, తెల్లవారి పురుష గాస్పెల్ బృందం, వీరందరి వెనుక పెద్ద ఆర్కెస్ట్రా. చిన్ననాట విడివిడిగా విన్న మూడు సంగీతాలను ఒకే వేదికపై నిలబెట్టిన ఏర్పాటు ఇది. ఆ ఏడాది నవంబరులో సస్పిషస్ మైండ్స్ అగ్రస్థానం చేరింది. అమెరికా ప్రధాన పట్టికలో ఆయన జీవితకాలంలో అగ్రస్థానం పొందిన చివరి పాట అదే.

మొదటి ప్రదర్శనలు ముగియకముందే పార్కర్ హోటల్ వారితో ఏడాదికి 10 లక్షల డాలర్ల లెక్కన ఐదేళ్ళ ఒప్పందం కుదుర్చుకున్నాడు. భోజనాల బల్లపై పరచిన గుడ్డ మీదే షరతులు వ్రాసుకున్నారని ప్రసిద్ధి. వేదిక మీద ఎల్విస్‌కు అది విజయం. దీర్ఘకాలంలో మాత్రం అదొక సంకెల అయింది. ఏడాదికి రెండుసార్లు, అదే గదిలో, అదే పాటలు. ఈ హోటల్లో (తరువాత లాస్ వెగాస్ హిల్టన్) ఆయన ఇచ్చిన ప్రదర్శనలు మొత్తం 636. చివరిది 1976 డిసెంబరు 12న జరిగింది.

ఊరూరా ప్రదర్శనలు

1970 నుండి ఎల్విస్ అమెరికా అంతటా పర్యటించాడు. 1972 జూన్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నాలుగు ప్రదర్శనలకూ టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ నగరంలో ఆయన కచేరీ చేయడం అదే మొదటిసారి. వాటిలో ఒకదాని రికార్డింగును ఆర్.సి.ఏ. వారం రోజులలోనే విడుదల చేసింది. 1974 మేలో లాస్ ఏంజెలెస్ ప్రాంతపు ఫోరం వేదికకు లెడ్ జెపెలిన్ బృందంవారు ప్రేక్షకులుగా వచ్చారు. తరువాతి తరం రాక్ గాయకులు పెద్దాయన ఎలా పాడుతున్నాడో చూడడానికి రావడం అప్పటికే ఆనవాయితీ అయింది.

ప్రదర్శనకు నిర్ణీత క్రమం ఉండేది. దీపాలు ఆరగానే రిచర్డ్ స్ట్రాస్ స్వరపరచిన గంభీర వాద్యగీతం మ్రోగేది. 2001: ఎ స్పేస్ ఒడిస్సీ చిత్రం వల్ల అది అందరికీ తెలిసినదే. డ్రమ్స్ హోరులో ఎల్విస్ ప్రవేశించేవాడు. బిల్ బెల్యూ రూపొందించిన, రాళ్ళు పొదిగిన తెల్లని జంప్‌సూట్ ఆయన వేషం. పాడుతుండగా ప్రక్కనే నిలబడిన చార్లీ హాడ్జ్ మెడలో ఒకదాని తరువాత ఒకటిగా పట్టు స్కార్ఫులు వేసేవాడు. ఎల్విస్ వాటితో చెమట తుడుచుకుని వేదిక అంచున చేతులు చాచిన స్త్రీలకు ఇచ్చేవాడు. 1956 నాటి పాటలను ఒక్కొక్క నిమిషంలో, కొంత హాస్యంగా ముగించేవాడు. అసలు శ్రద్ధ అంతా పెద్ద వయసు పాటల మీద ఉండేది - విడిపోయిన దంపతులు, ఒంటరితనం, దైవభక్తి. చివరి పాట కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్. అది ముగుస్తూనే ఆయన కారు ఎక్కి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ పిలిచినా వచ్చేవాడు కాదు. ఎల్విస్ భవనం విడిచి వెళ్ళాడని ప్రకటన వినిపించేది. ఆ ప్రకటన కాలక్రమంలో ఆంగ్లంలో నానుడి అయింది.

వచ్చినవారికి కావలసినది కొత్తదనం కాదు. తాము గుర్తుంచుకున్న మనిషి ఇంకా ఉన్నాడని కళ్ళారా చూసుకోవడమే. ఎల్విస్ ఈ సంగతి ఎరుగును. పాటలో పదాలు మరచిపోయినా, నవ్వేసి మళ్ళీ మొదలుపెట్టినా వారు క్షమించేవారు. విమర్శకులు దీనినే తప్పుపట్టారు. ఇంత సులువుగా దొరికే ఆదరణ వల్ల ఆయనకు శ్రమించవలసిన అవసరం లేకపోయిందని వారి వాదన. 1974 తరువాతి కచేరీల రికార్డింగులు వింటే రెండు వాదాలకూ ఆధారాలు దొరుకుతాయి. ఒక రాత్రి అన్యమనస్కంగా పాటలు దాటవేసినవాడు, మరొక రాత్రి భక్తిగీతం హౌ గ్రేట్ దౌ ఆర్ట్ పాడి సభను నిశ్చేష్టులను చేసేవాడు. 1974లో మెంఫిస్‌లో పాడిన ఆ గీతానికే ఆయనకు మూడవ గ్రామీ పురస్కారం లభించింది. ఆయన పొందిన మూడు పోటీ గ్రామీలూ భక్తిసంగీతానికే కావడం గమనార్హం.

విదేశాలలో పాడకపోవడం

ఇంత ప్రఖ్యాతి ఉన్నా ఎల్విస్ అమెరికా వెలుపల కచేరీలు ఇచ్చినది 1957లో కెనడాలోని మూడు నగరాలలో మాత్రమే. ఐరోపా, జపాన్, ఆస్ట్రేలియాల నుండి ఆహ్వానాలు వచ్చినా పార్కర్ ఒప్పుకోలేదు. దీనికి కారణంగా ఎక్కువమంది చెప్పేది పార్కర్ పుట్టుక. ఆయన అసలు పేరు ఆండ్రియాస్ వాన్ కౌక్. నెదర్లాండ్స్‌లోని బ్రెడాలో 1909లో పుట్టి, అనుమతి లేకుండా అమెరికా చేరినవాడు. పాస్‌పోర్టు లేదు. దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదోనన్న సంశయం ఆయనకు ఉండవచ్చు. ఎల్విస్‌కు ఈ విషయం తెలిసిన దాఖలాలు లేవు.

దీనికి ప్రత్యామ్నాయంగా 1973 జనవరి 14న హవాయిలోని హొనొలులు నుండి కచేరీని ఉపగ్రహం ద్వారా ఆసియా, ఆస్ట్రేలియా దేశాలకు ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. ప్రవేశ రుసుము బదులు విరాళాలు స్వీకరించి, హవాయి గేయ రచయిత కుయి లీ పేరిట ఉన్న కాన్సర్ నిధికి 75,000 డాలర్లు అందజేశారు. 100 కోట్లకు పైగా ప్రజలు చూశారన్న అప్పటి ప్రచారం అతిశయోక్తి.  ఏమైనా, 38 ఏళ్ళ ఎల్విస్ ఆరోగ్యంగా, నిండైన గొంతుతో కనిపించిన చివరి పెద్ద సందర్భం ఇదే.

ఆరోగ్యం క్షీణించుట

1972లో ప్రిసిల్లా విడిగా వెళ్ళిపోయింది. 1973 అక్టోబరు 9న విడాకులు మంజూరయ్యాయి. అదే నెలలో ఎల్విస్ మెంఫిస్‌లో ఆసుపత్రి పాలయ్యాడు. నొప్పి మందులకు ఆయన శరీరం బానిసైనట్లు అప్పుడే బయటపడింది. నిద్రకు, మెలకువకు, నొప్పికి వేర్వేరు మందులు వాడే అలవాటు సైన్యంలో ఉన్ననాటి నుండి పెరుగుతూ వచ్చింది. వైద్యులు చీటీ వ్రాసి ఇచ్చినవి కనుక అవి మత్తుపదార్థాలు కావని ఆయన నమ్మేవాడు. గ్లకోమా, పెద్దప్రేగు సమస్య, స్థూలకాయం వీటికి తోడయ్యాయి.

ఇటువంటి స్థితిలో విశ్రాంతి తీసుకోకుండా ఏటా వందకు పైగా ప్రదర్శనలు ఎందుకు ఇచ్చాడన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ప్రధాన కారణం డబ్బు. 1973లో, అప్పటివరకు చేసిన రికార్డింగులపై భవిష్యత్తు రాయల్టీలను ఆర్.సి.ఏ. సంస్థకు 54 లక్షల డాలర్లకు విక్రయించారు. అందులో దాదాపు సగం పార్కర్‌కు చేరింది. జీవితాంతం రావలసిన ఆదాయం ఆ విధంగా ఒక్కసారి ఖర్చయిపోయింది. పార్కర్‌కు జూదం వ్యసనం. ఎల్విస్‌కు దానం వ్యసనం. ముక్కూ మొహం తెలియనివారికి కూడా కార్లు కొనిచ్చేవాడు. పెద్ద పరివారం ఆయన మీద ఆధారపడి ఉంది. కచేరీలు ఆగితే అన్నీ ఆగుతాయి. మరొక కారణం కూడా చెప్పుకోవచ్చు. పగలు గది కిటికీలు మూసుకుని గడిపే ఆయనకు, వేలమంది మనుషులతో సంబంధం కలిగేది ఆ గంటలోనే.

1975 డిసెంబరు 31 రాత్రి మిషిగన్ రాష్ట్రంలోని పాంటియాక్‌లో 60,000 మందికి పైగా ఆయనను చూశారు. 1977 మార్చి 31న బేటన్ రూజ్‌లో ప్రేక్షకులు వచ్చి కూర్చున్న తరువాత, ఎల్విస్ హోటల్ గది నుండి రాలేని స్థితిలో ఉన్నందున రెండవ భాగం రద్దయింది.

చివరి పర్యటన

1977 జూన్‌లో సి.బి.ఎస్. టెలివిజన్ రెండు కచేరీలను చిత్రీకరించింది. జూన్ 19న ఒమాహాలో, 21న రాపిడ్ సిటీలో. ఉబ్బిన ముఖం, కారుతున్న చెమట, తడబడే మాటలు కెమెరాకు దొరికాయి. ఆయన ఎస్టేట్ ఈ కార్యక్రమాన్ని దశాబ్దాల తరబడి వీడియోగా విడుదల చేయలేదు. అయితే రాపిడ్ సిటీలో పియానో ముందు కూర్చుని, చార్లీ హాడ్జ్ మైకు పట్టుకుని ఉండగా, ఎల్విస్ అన్‌చెయిన్డ్ మెలొడీ పాడిన దృశ్యం తరువాతి కాలంలో వెలుగులోకి వచ్చి విశేష ఆదరణ పొందింది. శరీరం సహకరించకపోయినా గొంతు ఎంతవరకు నిలిచిందో అందులో తెలుస్తుంది. పాట చివర ప్రక్కకు తిరిగి నవ్విన నవ్వులో పాత ఎల్విస్ క్షణకాలం కనిపిస్తాడు.

చివరి కచేరీ జూన్ 26న ఇండియానాపోలిస్‌లోని మార్కెట్ స్క్వేర్ అరీనాలో సుమారు 18,000 మంది ఎదుట జరిగింది. ఆ రాత్రి ఆయన ఇటీవలి కాలం కంటే మెరుగ్గా పాడాడని చూసినవారి మాట. తండ్రి వెర్నన్‌ను కూడా వేదిక మీదికి పిలిచాడు.

మరణం

తదుపరి పర్యటన ఆగష్టు 17న మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో మొదలు కావలసి ఉంది. ముందురోజు, ఆగష్టు 16 మధ్యాహ్నం, గ్రేస్‌ల్యాండ్ స్నానాలగదిలో ఎల్విస్ పడిపోయి కనిపించాడు. ఆసుపత్రిలో మరణించినట్లు ప్రకటించారు. వయసు 42 సంవత్సరాలు. గుండె లయ తప్పడమే కారణమని అధికారిక ప్రకటన. మందుల పాత్ర ఎంత అన్నదానిపై వివాదం నేటికీ సమసిపోలేదు. ఆ ఏడాది తొలి ఎనిమిది నెలల్లోనే ఆయనకు 10,000కు పైగా మోతాదుల మందులు వ్రాసి ఇచ్చిన వ్యక్తిగత వైద్యుడు జార్జ్ నికోపౌలస్, 1981లో క్రిమినల్ కేసు నుండి విముక్తి పొందాడు కాని 1990లలో వైద్యం చేసే అనుమతి శాశ్వతంగా కోల్పోయాడు.

ఆగష్టు 18న అంతిమయాత్ర దారి పొడవునా సుమారు 80,000 మంది నిలబడ్డారు. మొదట ఫారెస్ట్ హిల్ స్మశానంలో తల్లి సమీపంలో ఖననం చేశారు. భద్రతా కారణాల వల్ల అక్టోబరులో ఇద్దరి సమాధులనూ గ్రేస్‌ల్యాండ్ ఆవరణకు మార్చారు.

మరణానంతరం

నిర్వహణ ఖర్చులు భరించలేని స్థితిలో, ప్రిసిల్లా చొరవతో గ్రేస్‌ల్యాండ్‌ను 1982 జూన్ 7న ప్రజల సందర్శనార్థం తెరిచారు. 2006లో అమెరికా ప్రభుత్వం దానిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. 1986లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిన తొలి జట్టులో ఎల్విస్ ఒకడు. 2018లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడం మరణానంతరం లభించింది. 2022లో బజ్ లూర్మన్ దర్శకత్వంలో ఆయన జీవితకథ చిత్రంగా వచ్చింది. కుమార్తె లీసా మేరీ 2023 జనవరి 12న మరణించింది. భారతదేశంలో హిందీ నటుడు షమ్మీ కపూర్‌ను ఆయన నృత్యశైలి కారణంగా భారతీయ ఎల్విస్ అని పిలిచేవారు.

1990ల చివర ఒక వింత కచేరీ మొదలైంది. పాత చిత్రాల నుండి ఎల్విస్ గొంతును మాత్రమే వేరుచేసి పెద్ద తెరపై ఆయనను చూపుతూ, జేమ్స్ బర్టన్, రానీ టట్, స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ తదితర పాత సహచరులు క్రింద వేదిక మీద ప్రత్యక్షంగా వాయించారు, పాడారు. అప్పటికి వాద్యకారులకు జుట్టు నెరిసింది. తెర మీది గాయకుడికి ముప్పై అయిదు, ముప్పై ఎనిమిది ఏళ్ళే. ఈ బృందం ఐరోపాకు కూడా వెళ్ళింది. ఎల్విస్ సజీవుడై ఉండగా ఎన్నడూ రాని నగరాలలో, ఆయనను యవ్వనం నుండి ఎదురుచూసినవారు టిక్కెట్లు కొనుక్కుని వచ్చి కూర్చున్నారు.